ముందు పాతబస్తీకి పట్టాలు

హైదరాబాద్ మెట్రోను, దాన్ని నిర్మించిన ఎల్ అండ్ టీ సంస్థ నుంచి తానే తీసుకుంటానని తెలంగాణ ప్రభుత్వం 2025 సెప్టెంబరులో ప్రకటించింది. దాదాపు 13 వేల కోట్ల రూపాయల అప్పును నెత్తికెత్తుకుని, సంస్థ వాటా కింద మరో 2 వేల కోట్లు చెల్లించేందుకు సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఇది చిన్న నిర్ణయం కాదు. ఆ అప్పు ఇక జనం అప్పు. మెట్రో ఎక్కేవాడిదే కాదు, ఎన్నడూ ఎక్కనివాడిది కూడా. కాబట్టి సర్కారు ముందుగా తేల్చాల్సింది ఎన్ని కొత్త కారిడార్లకు శంకుస్థాపనలు చేస్తామన్నది కాదు. ఉన్న మూడు లైన్లూ ఒకదానికొకటి పనికొచ్చేలా ఎప్పుడు మారతాయి, వాటిలో సగంలో ఆగిపోయిన లైన్ ఎప్పుడు పూర్తవుతుంది అన్నది. ఈ లెక్క తేలకుండా శివార్లకు పట్టాలు పరుచుకుంటూ పోతే గమ్యం చేరేది రైళ్లే, నగరం కాదు.

మెట్రో ఈ స్థితికి ఎలా వచ్చిందో ఒకసారి గుర్తుచేసుకోవాలి. 2008లో ఈ ప్రాజెక్టును దక్కించుకున్న మేటాస్ కూటమి సర్కారు నుంచి పైసా అడగకపోగా తానే 30,311 కోట్ల రూపాయలు ఎదురు ఇస్తానంది. ఖజానాకు ఎదురు డబ్బొచ్చే బేరమని పాలకులు మురిసిపోయారు. వాణిజ్య భూములను కట్టబెట్టి రైలు నడపమనడం తగదని ఢిల్లీ మెట్రోను నిర్మించిన శ్రీధరన్ అప్పుడే హెచ్చరించారు. మేటాస్ యజమానుల కుటుంబానికే చెందిన సత్యం సంస్థ కుంభకోణం బయటపడ్డాక 2009లో ఆ ఒప్పందం రద్దయింది. 2010 సెప్టెంబరులో ఎల్ అండ్ టీతో కొత్త ఒప్పందం కుదిరింది. ప్రాజెక్టు గిట్టుబాటు లోటు పూడ్చేందుకు కేంద్రం నుంచి 1,458 కోట్ల సర్దుబాటు నిధి, 269 ఎకరాల మీద అభివృద్ధి హక్కులు, 35 ఏళ్ల నిర్వహణ. ఆదాయంలో దాదాపు సగం టికెట్ల మీద, 45 శాతం దాకా మాల్స్, కార్యాలయాల అద్దెల మీద వస్తుందన్నది అప్పటి అంచనా. పంజాగుట్ట, ఎర్రమంజిల్, మూసారాంబాగ్, హైటెక్ సిటీల్లో మాల్స్ లేచాయి. అప్పు మాత్రం తీరలేదు. దేశంలో ఇంత పెద్ద మెట్రోను ప్రైవేటు భాగస్వామ్యంలో కట్టిన నగరం ఇదొక్కటే. ఢిల్లీ మెట్రో కేంద్రం, ఢిల్లీ ప్రభుత్వం చెరి సగంగా పెట్టిన సంస్థ. ప్రయాణికుల డబ్బుతోనే మెట్రో నిర్మాణ వ్యయం రాబట్టాలనుకోవడం తప్పని ప్రపంచంలో చాలా నగరాలు ఎప్పుడో గ్రహించాయి. మనం పదిహేనేళ్ల తర్వాత, అప్పు మోయాల్సి వచ్చాక గ్రహించాం. ఆలస్యమైనా ప్రభుత్వం వేసిన ఈ అడుగు సరైనదే. దాన్ని ఈ పత్రిక సమర్థిస్తోంది. సమర్థిస్తున్నాం కాబట్టే అడుగుతున్నాం.

ఇప్పుడున్నవి మూడు లైన్లు, 57 స్టేషన్లు, 69 కిలోమీటర్లు. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా ఎర్ర లైన్, నాగోల్ నుంచి రాయదుర్గం దాకా నీలి లైన్, జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) నుంచి ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) దాకా ఆకుపచ్చ లైన్. 2017 నవంబరు 28న ప్రధాని మోదీ మియాపూర్‌లో ప్రారంభించిననాడు 30 కిలోమీటర్లు, 24 స్టేషన్లే ఉండేవి. 2018 సెప్టెంబరులో ఎల్బీ నగర్, 2019 మార్చిలో హైటెక్ సిటీ, అదే ఏడాది నవంబరులో రాయదుర్గం, 2020 ఫిబ్రవరి 7న ఎంజీబీఎస్ వరకు రైలు చేరింది. ఆ తర్వాత ఒక్క కిలోమీటరు కూడా పెరగలేదు. నగరం మాత్రం ఆగలేదు. కోకాపేట, తెల్లాపూర్, ఆదిభట్ల, మేడ్చల్ వైపు పరుగెడుతూనే ఉంది.

సాయంత్రం ఏడు గంటల వేళ అమీర్‌పేట స్టేషన్లో నిలబడితే ఈ మెట్రో బలం, బలహీనత రెండూ ఒకేచోట కనబడతాయి. రాయదుర్గం నుంచి వచ్చిన రైలు తలుపులు తెరుచుకోగానే సగం రైలు ఖాళీ అవుతుంది. ల్యాప్‌టాప్ సంచి వీపు మీంచి తీసి గుండెకు తగిలించుకున్న కుర్రాళ్లు, ఒక చేత్తో ఫోను మరో చేత్తో పాప వేలు పట్టుకున్న తల్లులు ఎస్కలేటర్ల దగ్గర ఒక్కసారిగా గుమిగూడతారు. నీలి లైన్‌కూ ఎర్ర లైన్‌కూ వేర్వేరు అంతస్తులు. ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకు వెళ్లే ఆ కాసేపట్లోనే మియాపూర్ రైలు వచ్చి వెళ్లిపోతుంది. తర్వాతి రైలు వచ్చినా తలుపు దగ్గరే మనుషులు గోడకట్టినట్టు ఉంటారు. దిగేవారికి దారివ్వండని స్పీకర్లో గొంతు చెబుతూనే ఉంటుంది. మూడు కోచ్‌ల రైలు అది. నిండా కూరినా వెయ్యి మంది లోపే. ప్లాట్‌ఫాం మాత్రం ఆరు కోచ్‌లకు సరిపోయేంత పొడవుంది. అంటే స్టేషన్ సగం ఖాళీ, రైలు కిటకిట.

57 రైళ్లు, ఒక్కోదానికి మూడు కోచ్‌లు, మొత్తం 171. రోజుకు నాలుగున్నర లక్షల నుంచి ఐదు లక్షల మంది దాకా ఎక్కుతున్న వ్యవస్థ ఎనిమిదేళ్లుగా ఈ కోచ్‌లతోనే నెట్టుకొస్తోంది. ఢిల్లీ మెట్రో నాలుగు కోచ్‌లతో మొదలుపెట్టి ఆరుకు, ఎనిమిదికి పెంచుకుంది. ఇక్కడ స్టేషన్లు కట్టినప్పుడే ఆరు కోచ్‌లను దృష్టిలో పెట్టుకున్నారు. అదనంగా కావలసింది రైలు పెట్టెలు, అవి నిలబడటానికి డిపోల్లో చోటు. పట్టాలు మోసే కొత్త వంతెన అక్కర్లేదు, భూసేకరణ అక్కర్లేదు. రద్దీకి విసిగి మళ్లీ బైకెక్కిన మనిషిని వెనక్కి తేవడానికి ఇంతకంటే చౌకైన మార్గం ఇంకోటి లేదు. ప్రైవేటు యాజమాన్యం అప్పుల్లో ఉండి కోచ్‌లు కొనలేకపోయిందంటే అర్థం చేసుకోవచ్చు. ప్రభుత్వం చేతికొచ్చాక ఆ సాకు చెల్లదు.

ఇక పాతబస్తీ సంగతి. ఇదే ఈ సంపాదకీయానికి అసలు కారణం. మొదటి దశలో ఆకుపచ్చ లైన్ ఎంజీబీఎస్ దగ్గర ఆగాల్సింది కాదు. మూసీ దాటి సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్, శాలిబండ, శంషేర్‌గంజ్ మీదుగా ఫలక్‌నుమా చేరాల్సింది. ఆ ఐదున్నర కిలోమీటర్లు మాత్రం కట్టలేదు. ప్రార్థనా స్థలాలు అడ్డొస్తాయన్నారు, అలైన్‌మెంట్ మార్చాలన్నారు, ఆస్తుల సేకరణ కష్టమన్నారు. రాష్ట్రం ఏర్పడ్డాక అసెంబ్లీ, సుల్తాన్‌బజార్, పాతబస్తీ మూడుచోట్లా మార్పులు చేయాలన్నారు. చివరికి అసెంబ్లీ ముందు నుంచే రైలు వెళ్లింది, సుల్తాన్‌బజార్ వ్యాపారులు అభ్యంతరం చెప్పినా అక్కడా స్టేషన్ వచ్చింది. ఆగింది పాతబస్తీ ఒక్కటే. అడ్డంకులు అన్నిచోట్లా ఉన్నాయి, దాటాలన్న పట్టుదల కొన్నిచోట్లే కనిపించింది.

దీనివల్ల ఆకుపచ్చ లైన్‌కూ నష్టమే. మూడింటిలో అతి తక్కువ మంది ఎక్కేది అదే. జనం లేక కాదు. ముషీరాబాద్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ రద్దీ తెలియనిది ఎవరికి? సికింద్రాబాద్ వైపు నుంచి దక్షిణానికి వెళ్లాల్సినవాడు ఎంజీబీఎస్‌లో దిగి, అఫ్జల్‌గంజ్ దగ్గర ఆటో కోసం నిలబడి, నయాపూల్ దాటి మదీనా కూడలిలో ఇరుక్కోవాల్సి వస్తోంది. అలాంటప్పుడు ఇంటి దగ్గరే బస్సో బైకో ఎక్కేస్తాడు. లైన్ పదకొండు కిలోమీటర్ల దగ్గర తెగిపోతే దాని విలువ తెగిన భాగం మేరకే తగ్గదు, ఉన్న భాగానిదీ తగ్గుతుంది. శాలిబండ నుంచి హైటెక్ సిటీలో పనికి వెళ్లే సేల్స్‌గర్ల్, లాడ్‌బజార్‌లో గాజులమ్మే దుకాణదారు, ఫలక్‌నుమా నుంచి ఉస్మానియా ఆసుపత్రికి వచ్చే రోగి... వీళ్లు ఈ పటంలో లేరు. 57 స్టేషన్లలో పాతబస్తీ లోపల ఒక్కటీ లేదు.

2024 మార్చి 8న ఫలక్‌నుమాలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఈ మార్గానికి శంకుస్థాపన చేశారు. తర్వాత దాన్ని చాంద్రాయణగుట్ట దాకా పొడిగించి ఏడున్నర కిలోమీటర్లు చేశారు. దాదాపు 1,100 ఆస్తులు ప్రభావితమవుతాయని అంచనా వేశారు. చదరపు గజానికి 81 వేల రూపాయల చొప్పున పరిహారం ఖరారు చేసి 2025 ఆరంభంలో చెక్కులు పంచడం మొదలుపెట్టారు. దారుల్‌షిఫా, పురానీ హవేలీ, ఎతెబార్ చౌక్ దారిలో ఇళ్లను, దుకాణాలను కొంతమేర కూల్చారు కూడా. మంచి ఆరంభమే. కానీ సగం కూల్చిన గోడల మధ్య ఏళ్లు గడిపించడం కంటే ఘోరం ఇంకోటి ఉండదు. తాతల నాటి ఇంట్లో ముందు గదిని మెట్రోకు వదులుకున్నవాడికి మిగిలిన సగంలో దుకాణం మళ్లీ తెరుచుకునే వీలుండాలి. పరిహారం అందనివారికి తక్షణం అందాలి. అద్దెకుండి వ్యాపారం చేసుకునేవారి లెక్క వేరుగా తేలాలి. చారిత్రక కట్టడాలకు, ప్రార్థనా స్థలాలకు నష్టం లేకుండా స్తంభాలు ఎక్కడ వస్తాయో స్థానికులకు మ్యాపు వేసి చూపించాలి. వదంతులకు అంతకంటే విరుగుడు లేదు.

రెండో దశలో మొదట ప్రతిపాదించిన ఐదు కారిడార్ల పొడవు 76.4 కిలోమీటర్లు, వ్యయం 24,269 కోట్లు. నాగోల్ నుంచి శంషాబాద్ విమానాశ్రయం 36.8, రాయదుర్గం నుంచి కోకాపేట నియోపోలిస్ 11.6, ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట 7.5, మియాపూర్ నుంచి పటాన్‌చెరు 13.4, ఎల్బీ నగర్ నుంచి హయత్‌నగర్ 7.1 కిలోమీటర్లు. 2024 నవంబరులోనే ఈ నివేదికలు ఢిల్లీ వెళ్లాయి. ఆ తర్వాత మేడ్చల్, శామీర్‌పేట, ఫ్యూచర్ సిటీ కూడా జాబితాలో చేరాయి. వీటిలో ఏదీ అనవసరమని మేం అనం. పటాన్‌చెరు పరిశ్రమల కార్మికులకు, హయత్‌నగర్ వైపు నుంచి రోజూ నగరంలోకి వచ్చేవారికి రైలు కావాలి. కానీ అన్నిటికంటే చిన్న మార్గాల్లో ఒకటైన పాతబస్తీ కారిడార్ అన్నిటికంటే ఎక్కువ పనిచేస్తుంది. చాంద్రాయణగుట్ట దగ్గర అది విమానాశ్రయ మార్గాన్ని కలుస్తుంది. ఆ ముడి పడితే సికింద్రాబాద్ నుంచి శంషాబాద్‌కు నగరం మధ్యలోంచి నేరుగా దారి ఏర్పడుతుంది. అది లేకపోతే విమానాశ్రయానికి వెళ్లేవాడు నాగోల్ చుట్టూ తిరగాలి. విమానం ఎక్కేవాడి సౌకర్యం కోసమైనా సరే, పాతబస్తీనే ముందు పెట్టాలి. కేంద్రం తన వాటాకు సమ్మతించడంలో జాప్యం చేయకూడదు. చెన్నై, బెంగళూరు మెట్రోలకు చేయి కలిపిన కేంద్రం హైదరాబాద్ విషయంలో వేరే తూనికరాళ్లు వాడటం న్యాయం కాదు.

కొత్త లైన్ల కంటే ముందు తీర్చాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. పేర్ల గందరగోళమే చూడండి. సికింద్రాబాద్ ఈస్ట్ నీలి లైన్‌లో ఉంది, సికింద్రాబాద్ వెస్ట్ ఆకుపచ్చ లైన్‌లో ఉంది. ఊరికి కొత్తగా వచ్చి రైల్వే స్టేషన్లో దిగినవాడు ఏది తనదో ఎలా తెలుసుకుంటాడు? హైటెక్ సిటీ పేరుతో మెట్రో స్టేషనూ ఉంది, నగర లోకల్ రైలైన ఎంఎంటీఎస్ స్టేషనూ ఉంది. రెండింటి మధ్య దూరం కిలోమీటర్లలో ఉంటుంది. భరత్‌నగర్, బేగంపేట, ఖైరతాబాద్, నాంపల్లి, మలక్‌పేటల్లో మెట్రోకు ఎంఎంటీఎస్ దగ్గరే. ఆ దగ్గరితనాన్ని వాడుకునే ఒకే టికెట్, కలిసివచ్చే సమయపట్టిక లేవు. 2003 నుంచి నడుస్తున్న ఎంఎంటీఎస్, ఆర్టీసీ, మెట్రో ఎవరి బండి వారిదన్నట్టుగా ఉన్నాయి. మెట్రోను రాష్ట్రమే తీసుకుంటానంది, ఆర్టీసీ రాష్ట్రానిదే. ఇంకా వేర్వేరు టికెట్లు ఎందుకు?

ఛార్జీల విషయంలోనూ జాగ్రత్త అవసరం. 10 నుంచి 60 రూపాయల మధ్య ఉన్న ఛార్జీలను 2025 మేలో 12 నుంచి 75కు పెంచారు, నిరసన రాగానే పది శాతం తగ్గించారు. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. ఉచితంగా బస్సెక్కగలిగిన మహిళ డబ్బు పెట్టి మెట్రో ఎక్కుతోందంటే ఆమె కొంటున్నది సమయం. పిల్లలు బడి నుంచి వచ్చేసరికి ఇల్లు చేరే సమయం. ఆ ధరను అప్పుల లెక్క చూసి పెంచితే ఆమెను మళ్లీ కిక్కిరిసిన బస్సులోకి నెట్టినట్టే. స్టేషన్ మెట్లు దిగిన తర్వాత నడవడానికి ఫుట్‌పాత్ లేకపోవడం, ఉన్నచోట దాన్నే మెట్ల దిమ్మె ఆక్రమించడం, నాగోల్‌లో పార్కింగ్‌కు రుసుము పెట్టబోతే 2024లో ప్రయాణికులు రోడ్డెక్కడం... ఇవన్నీ రైలుకు సంబంధించినవి కావని అధికారులు అనుకోవచ్చు. ప్రయాణికుడికి మాత్రం ఇంటి గడప నుంచి ఆఫీసు గడప దాకా అంతా ఒకే ప్రయాణం.

మెట్రో పూర్తిగా చేతికి రాగానే ప్రభుత్వం మూడు తేదీలు ప్రకటించాలి: ఆరు కోచ్‌ల మొదటి రైలు ఎర్ర లైన్ మీద ఎప్పుడు తిరుగుతుంది, మెట్రోకూ ఆర్టీసీకీ ఒకే టికెట్ ఎప్పుడు వస్తుంది, చార్మినార్ స్టేషన్లో రైలు ఎప్పుడు ఆగుతుంది. వాటిని శాసనసభ ముందుంచాలి. పనుల పురోగతిని ప్రతి మూడు నెలలకోసారి నగర ప్రజలకు చెప్పాలి.