కొనేవాడి కబురు చెరువు గట్టు దాకా వస్తేనే

భీమవరం చుట్టుపక్కల ఏ వనామీ రొయ్యల చెరువు గట్టు మీద నిలబడినా ఒక పని కంటబడుతుంది. మేత చల్లిన గంటా రెండు గంటల తర్వాత రైతు కాస్త మేత వేసి నీటిలో దించిన చెక్ ట్రేను తాడుతో పైకి లాగి, అందులో ఎంత మిగిలింది, రొయ్య పేగు నిండుగా ఉందా, గుల్ల మెత్తబడిందా అని చూస్తాడు. మేత మిగిలితే తర్వాతి పూట తగ్గిస్తాడు, ట్రే ఖాళీ అయితే కాస్త పెంచుతాడు. సాగు ఖర్చులో దాదాపు సగం, ఒక్కోసారి అంతకు మించి, మేతకే పోతుంది కనుక ఆ ట్రే చూపే లెక్కే పంట లాభనష్టాలను చాలావరకు తేల్చేస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుంచి కాలవ వంతు కోసం ఎదురుచూస్తూ వరి పండించిన కుటుంబాలే ఇప్పుడు నీటిలోని ఆక్సిజన్‌నూ ఉప్పదనాన్నీ అంకెల్లో చెప్పుకుంటున్నాయి. ఈ మార్పును తెచ్చింది ఎగుమతి.

అందుకే, విదేశీ వ్యాపారమూ పెట్టుబడీ వస్తే వర్ధమాన దేశాల వ్యాపారాల్లో కొత్త పద్ధతులు వాటంతట అవే పుట్టుకొస్తాయనే వాదన డెల్టాలో తేలిగ్గా చెల్లుబాటవుతుంది. అయితే భీమవరం నుంచి నరసాపురం దాకా వెళ్తే చాలు, ఆ వాదన నిలవదు.

నరసాపురం, మొగల్తూరు, పాలకొల్లు ప్రాంత పల్లెలకు లేసు అల్లిక 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చింది. రొయ్యకు చాలా ముందే ఇక్కడి నుంచి ఓడ ఎక్కిన సరుకు అది. ఎగుమతి చేసేవారు చేస్తూ చేస్తూ నేర్చుకుంటారన్నదే నిజమైతే ఈపాటికి నరసాపురం సొంత నమూనాలతో లోకానికి పాఠాలు చెప్పే స్థాయిలో ఉండాలి. జరిగింది వేరు. అరుగు మీద కూర్చుని అల్లే మహిళకు మధ్యవర్తి చేతి మీదుగా దారం వస్తుంది, దానితో పాటు ఒక నమూనా ముక్క వస్తుంది. ఆమె పువ్వులు అల్లి ఇస్తే, వాటిని కలిపే అతుకుపని మరో ఇంట్లో మరొకరు చేస్తారు. తన పువ్వు చేరిన బల్లగుడ్డ పూర్తయ్యాక ఎలా ఉంటుందో చూడని అల్లికదారులు ఎందరో ఉన్నారు. అది ఏ దేశం వెళ్లింది, అక్కడ ఎంతకు అమ్ముడైంది, పోయినసారి పంపినవాటిలో కొన్ని ఎందుకు తిరిగొచ్చాయి అన్న కబురంతా వ్యాపారి వాకిట్లోనే ఆగిపోతుంది. 2024లో ఈ లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది, సంతోషమే. కానీ ఆ గుర్తింపు పేరును కాపాడుతుందే తప్ప, ఆగిన కబురును అరుగు దాకా చేర్చదు.

ఇక్కడ ఈజిప్టు అనుభవం ఒకటి చెప్పుకోవాలి. చేతిమగ్గాల మీద తివాచీలు నేసే చిన్న యజమానుల్లో కొందరికి లాటరీ తీసినట్టుగా ఎంపిక చేసి విదేశీ ఆర్డర్లు ఇప్పించి, ఏం జరుగుతుందో అట్కిన్, ఖండేల్వాల్, ఉస్మాన్ అనే ఆర్థికవేత్తలు పరిశీలించారు. 2017లో వెలువడిన ఆ అధ్యయనం ప్రకారం వారి లాభాలు 16 నుంచి 26 శాతం పెరిగాయి. అంతకంటే ముఖ్యమైనది, స్థానిక మార్కెట్ రకం తివాచీనే అందరిచేతా నేయించి చూసినప్పుడు కూడా ఎగుమతి చేసినవారి పనితనం మెరుగ్గా తేలింది. కొనేవాడు ఏది నచ్చలేదన్నాడో మధ్యవర్తి మగ్గం దగ్గరికి వచ్చి చెప్పాడు, నేతగాడు దిద్దుకున్నాడు. మధ్యవర్తి ఈజిప్టులోనూ ఉన్నాడు, నరసాపురంలోనూ ఉన్నాడు. తేడా అల్లా అతడు మోసుకొచ్చిన కబురులోనే ఉంది.

రొయ్య విషయంలో ఆ కబురు గట్టు దాకా వచ్చింది, అదీ దెబ్బల రూపంలో. 1990ల తొలినాళ్లలో టైగర్ రొయ్య డబ్బు కురిపించింది. 1994, 1995 నాటికి తెల్లమచ్చల వ్యాధి చెరువులను ఊడ్చేసింది, 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు తీరం వెంబడి సాగును కట్టడి చేసింది. 2009లో వనామీ సాగుకు కేంద్రం అనుమతి ఇచ్చింది. దానితో పాటే వ్యాధి ఉందో లేదో పీసీఆర్ పరీక్ష చేయించిన సీడ్ (రొయ్య పిల్లలు), చెరువు చుట్టూ పీతలు రాకుండా కంచె, పైన పక్షుల వల, నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు గట్టు మీదికి వచ్చాయి. ఐరోపా సమాఖ్య యాంటీబయాటిక్ అవశేషాలపై కన్నెర్ర చేసి, 2016లో మన సరుకులో తనిఖీ చేసే నమూనాల వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. ఆ మార్కెట్‌కు వెళ్లే రొయ్యకు చెరువు నుంచి పట్టకముందే పరీక్ష తప్పనిసరి కావడంతో, అవశేషం అనే మాట ల్యాబ్ నుంచి గట్టు మీదికి దిగింది.

పెట్టుబడి సంగతీ ఇలాంటిదే. అవంతి ఫీడ్స్ 1993లో మొదలై కొవ్వూరులో మేత మిల్లు నడిపింది. అందులో థాయ్‌లాండ్‌కు చెందిన థాయ్ యూనియన్ దాదాపు పాతిక శాతం వాటాదారు. అదే దేశానికి చెందిన సీపీ సంస్థ కూడా మేతతోనూ సీడ్‌తోనూ ఇక్కడ వేళ్లూనుకుంది. విదేశీ సంస్థ వస్తే అదే రంగంలోని పోటీదారుల కంటే దానికి సరుకు అందించేవారే ఎక్కువ లాభపడ్డారని లిథువేనియా పరిశ్రమలపై 2004లో ఆర్థికవేత్త జావోర్చిక్ చేసిన అధ్యయనం చూపింది. డెల్టాలో అది కాస్త తలకిందులుగా జరిగింది: సంస్థకు అమ్మేవాడి కంటే సంస్థ దగ్గర కొనేవాడే ఎక్కువ నేర్చుకున్నాడు. చెరువులో రొయ్య చచ్చిపోతే మేత బస్తా కదలదు కనుక మేత కంపెనీ టెక్నీషియన్ మోటార్ సైకిల్ వేసుకుని వచ్చి నీళ్లు పరీక్షించి, మేత పట్టిక రాసిచ్చి వెళ్తాడు. ఆ సలహా ఉచితమే గానీ, దాని మొగ్గు మాత్రం బస్తా వైపే ఉంటుంది. మేత తగ్గించుకొమ్మని గట్టిగా చెప్పే టెక్నీషియన్ తారసపడితే ఆ రైతు అదృష్టవంతుడే.

పక్కనే సముద్రంలో కృష్ణా గోదావరి బేసిన్ గ్యాస్ కోసం వచ్చినంత పెట్టుబడి డెల్టా మరే రంగంలోనూ చూడలేదు. ఆ సాంకేతికత రిగ్గు మీదే వచ్చి రిగ్గు మీదే ఉండిపోయింది, కోనసీమ వర్క్‌షాపులకు అందులో నేర్చుకునే చోటు దక్కలేదు.

రొయ్యలోనూ కబురు ఆగిపోయే చోటు ఒకటుంది, అది సీడ్‌కు మూలమైన తల్లి రొయ్య. వనామీ సాగు మొదలై పదిహేనేళ్లు దాటినా, తల్లి రొయ్యల్లో అధికభాగం విదేశాల నుంచి విమానంలో దిగి, చెన్నైలోని క్వారంటైన్ కేంద్రం దాటి, పిల్లలను పుట్టించే హ్యాచరీలకు చేరుతున్నాయి. దిగుమతి చేసుకోవడం తప్పు అని నేను అనను. 1991 తర్వాత ముడిసరుకుపై సుంకాలు తగ్గడం వల్లే మన సంస్థలు తెచ్చిన కొత్త ఉత్పత్తుల్లో సుమారు 31 శాతం సాధ్యమయ్యాయని 2010లో వచ్చిన ఒక పరిశోధన లెక్కగట్టింది. 2024 జులై బడ్జెట్ తల్లి రొయ్యలపైనా మేతపైనా సుంకాన్ని 5 శాతానికి దించడం ఆ దారిలోదే. కానీ తల్లి రొయ్య యంత్రంలో వేసే విడిభాగం కాదు, తరం తరానికీ ఎంపిక చేసి మెరుగుపరచుకోవలసిన ప్రాణి. ఈక్వడార్ ఆ పని చేసింది. 1999లో అదే తెల్లమచ్చల వ్యాధి అక్కడి చెరువులను తుడిచిపెడితే, బతికి బట్టకట్టిన రొయ్యల నుంచే అక్కడివారు తల్లులను ఎంచుకుంటూ వచ్చారు, చెరువులో పిల్లల సాంద్రత తక్కువగా ఉంచారు. రెండు దశాబ్దాలు తిరిగేసరికి ఎగుమతుల్లో మనల్ని దాటిపోయారు. వర్ధమాన దేశమే, వ్యాధీ అదే, అమ్మే మార్కెట్లూ చాలావరకు అవే. మనం అరువు తెచ్చుకున్న చోట వారు సొంతంగా తయారుచేసుకున్నారు. కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ (సీబా) చెన్నైలో దేశవాళీ తెల్ల రొయ్యను మెరుగుపరచే పని 2022లో చేపట్టింది, అయితే అది ఇరవై ఏళ్ల ముందు జరగవలసిన పని.

కౌలు రైతు సంగతి కూడా ఇందులోనే ఉంది. ఏడాదికి, రెండేళ్లకు చెరువు లీజుకు తీసుకుని, మేత అప్పుకు తెచ్చుకునే మనిషి గట్టు పటిష్ఠం చేయడు, పంటకూ పంటకూ మధ్య చెరువును ఎండనివ్వడు. అతడికి తెలియక కాదు, లీజు గడువు ఆగదు గనుక.

2023-24లో దేశం ఎగుమతి చేసిన గడ్డకట్టించిన రొయ్య 7.16 లక్షల టన్నులు, అందులో 2.98 లక్షల టన్నులు ఒక్క అమెరికాకే వెళ్లింది. 2025 ఆగస్టు 27 నుంచి ఆ దేశం మన సరుకుపై అదనపు సుంకాన్ని 50 శాతానికి చేర్చినప్పుడు, కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) వారీ ధరలు పడిపోతాయన్న కబురు గట్టుకు చేరడానికి ఎన్నో రోజులు పట్టలేదు. ధర తగ్గించే కబురు అంత వేగంగా దిగగలిగిన ఈ గొలుసులోనే, తిప్పిపంపిన సరుకు ఏ చెరువుది, అందులో దొరికిన అవశేషం ఏమిటి, అది ఏ మందు నుంచి వచ్చింది అన్న నివేదిక మాత్రం ఎగుమతిదారు ఫైల్లో ఇంగ్లిషులో పడి ఉంటుంది. ఆ కాగితం తెలుగులో, చెరువు నమోదు నంబరుతో సహా, వారంలోగా రైతు చేతికి రావాలన్న షరతు పెట్టడానికి కొత్త పెట్టుబడి ఏమీ అక్కర్లేదు. నరసాపురంలో లేసు ఆర్డరు చీటీ నకలును, ధర అంకెతో సహా, దారం కండెతో పాటు అరుగు మీదికి పంపడానికీ అంతే.