సీక్రెట్ వ్యూపాయింట్ రీల్ గారికి ఓ హైదరాబాదీ రాయునది

అయ్యా రీల్ గారూ,

మీరు క్షేమమేనని తెలుసు, మా ఫ్యామిలీ గ్రూపులో పొద్దున్నుంచి మిమ్మల్నే ఒకరి తర్వాత ఒకరు ఫార్వర్డ్ చేస్తున్నారు.

"హైదరాబాద్‌లో ఎవ్వరికీ తెలియని వ్యూపాయింట్" అన్నారు, ఏంటా అని చూస్తే గోల్కొండ! ఎవ్వరికీ తెలియదా సార్? ఔరంగజేబుకి అడ్రస్ బానే తెలుసు, కాకపోతే 1687లో పాపం ఆయనకి లోపలికి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది, మీకేమో పదిహేను సెకన్లు. మధ్యలో ఉండే ఆ మూడొందల పైచిలుకు మెట్లు ఎడిటింగ్‌లో ఎగిరిపోయాయనుకుంటా. మిమ్మల్ని నమ్మి వచ్చిన అంకుల్స్ సగంలో, రామదాసు బందిఖానా దగ్గర, గోడకి ఆనుకుని వగరుస్తుంటే ఇంకా ఎంత దూరం అని పిల్లలు అడుగుతున్నారు.

పైన బాలాహిస్సార్, అంటే కోట శిఖరం మీది మండపం దగ్గర, సీన్ ఇంకా బావుంటుంది. అంత పెద్ద టెర్రస్ మీద గోడ పక్కన ఒక్క చోటే లైను, ఎందుకంటే మీరు అక్కడే నిలబడ్డారు కాబట్టి. టర్న్ రాగానే ప్రతి ఒక్కరూ కుతుబ్ షాహీ సమాధులకి వీపు చూపించి జుట్టు సర్దుకోవడమే. ఒక కుర్రాడైతే ఫ్రెండ్‌తో "రేయ్, ఆ గుమ్మటాలు రాకుండా తియ్‌రా, నేను చిన్నగా పడుతున్నా" అన్నాడు. కింద కోట ద్వారం దగ్గర చప్పట్లు కొడితే పైదాకా వినిపించేలా ఆ రోజుల్లో కట్టింది ఎవరో వస్తున్నారని ముందే తెలియడానికంట, ఇప్పుడు రోజంతా చప్పట్లే, అయినా ఎవరూ అలర్ట్ అవ్వట్లేదు.

చార్మినార్‌కి వస్తే మీ వీడియోలో మినార్ కొన నుంచి తీసినట్టు ఉంటుంది, అంటే 56 మీటర్లు. జనాన్ని పంపేది మొదటి అంతస్తు దాకే సార్. ఆ ఇరుకు మెలికల మెట్లు ఎక్కి బయటపడ్డాక "ఇంతేనా" అని మొహం మాడ్చుకుంటారు గానీ ఒకవైపు మక్కా మసీదు, ఇంకోవైపు గుల్జార్ హౌజ్, లాడ్ బజార్‌లో గాజుల మీద లైట్లు, మస్తుంటుంది అసలు. కానీ మీ డ్రోన్ షాట్ చూసొచ్చిన కళ్ళకి అవెక్కడ ఆనతాయి.

అన్నట్టు మీ లిస్టులో బిర్లా మందిర్ ఉండదేంటి? ఓహ్, ఫోన్ కౌంటర్‌లో పెట్టి వెళ్ళాలి కదా. అక్కడ జనం రెండు చేతులూ ఖాళీ అయిపోయి ఏం చేయాలో తోచక హుస్సేన్ సాగర్‌నీ మధ్యలో బుద్ధుణ్ణీ చూస్తూ నిలబడుతుంటారు, జాలేస్తుంది.

ఒక్క రిక్వెస్ట్. తర్వాతి ఎపిసోడ్‌కి మౌలాలి గుట్ట వైపు మాత్రం రాకండి. మెట్లు చాలా ఎక్కువ, పైన దర్గా, బండలు, గాలి, అంతే. సిటీ ఏమంత కనిపించదు. సాయంత్రం పూట అయితే అస్సలు బాగోదు, నా మాట నమ్మండి.

ఇట్లు,
మీ ఫాలోవర్ కానివాడు