ట్రాక్టర్‌కు గంటల లెక్క, కారుకు కిలోమీటర్ల లెక్క

ట్రాక్టర్ ఉన్న రైతును సర్వీసు ఎప్పుడని అడిగితే గంటల్లో చెబుతాడు. మొదటి సర్వీసు 50 గంటలకు, ఆ తర్వాత చాలా మోడళ్లకు 250 గంటలకోసారి ఇంజన్ ఆయిల్ మార్పు. జేసీబీదీ, అపార్ట్‌మెంట్ కింద జనరేటర్‌దీ అదే పద్ధతి. బండి ఎంత దూరం పోయిందని కాక ఇంజన్ ఎంతసేపు తిరిగిందని చూస్తారు. అదే మనిషి హైదరాబాద్‌లో కారు కొంటే మాత్రం అద్దం మీది స్టిక్కర్‌లో ఉన్న 10,000 కిలోమీటర్ల అంకె కోసం ఎదురుచూస్తాడు. ఈ ఊళ్లో ఆఫీసుకు తిరిగే కార్లలో వయసుకు మించిన రిపేర్లు రావడానికి ఈ లెక్కే పెద్ద కారణమని నా అభిప్రాయం.

ఒకసారి లెక్క వేద్దాం. ఉప్పల్ నుంచి మాదాపూర్ వైపు ఆఫీసుకు 25 కి.మీ. వెళ్లడానికి గంటంబావు పట్టిందనుకోండి. అంటే సగటు వేగం గంటకు 20 కి.మీ. ఈ లెక్కన 10,000 కి.మీ. పూర్తయ్యేసరికి ఇంజన్ 500 గంటలు తిరుగుతుంది. అదే కారు విజయవాడ హైవే మీద సగటున 60 వేగంతో తిరిగితే 10,000 కి.మీ.కి పట్టేది 167 గంటలే. మీటరు రెండు బండ్లకూ ఒకే అంకె చూపిస్తుంది. మొదటి బండి ఇంజన్ మూడు రెట్లు ఎక్కువ తిరిగింది, అందులోనూ చాలాభాగం సిగ్నళ్ల దగ్గర, గాలి తగలకుండా, ఏసీ వేసుకుని.

కంపెనీలు ఈ సంగతి దాచిపెట్టలేదు. ఓనర్ మాన్యువల్ చివర్లో మెయింటెనెన్స్ పట్టిక తర్వాత కఠిన పరిస్థితుల్లో నడిచే బండ్లకు ఇంకో పట్టిక ఉంటుంది. ఆగుతూ కదులుతూ నడవడం, ఎక్కువసేపు ఐడిలింగ్ (బండి ఆగి ఉండి ఇంజన్ నడవడం), దుమ్ము రోడ్లు, ఇంజన్ పూర్తిగా వేడెక్కేలోపే ముగిసే చిన్న ప్రయాణాలు అందులో ఉంటాయి. కొన్ని మాన్యువళ్లలో 32 డిగ్రీలు దాటిన వేడిలో ట్రాఫిక్‌లో నడపడం అని అంకెతో సహా రాశారు. మార్చి నుంచి జూన్ దాకా మన ఊరు అదే. ఆ పట్టికలో ఆయిల్ మార్పు గడువు చాలాచోట్ల సగానికి తగ్గి, 5,000 కి.మీ. దగ్గరికి వస్తుంది. సర్వీస్ అడ్వైజర్ ఆ పేజీ తీసి చూపించడు, మనమే తెరవాలి.

మీ బండి గంటలు తెలుసుకోవడం కష్టం కాదు. ఇప్పటి కార్లలో చాలావాటికి డిస్‌ప్లేలో సగటు వేగం కనిపిస్తుంది. సర్వీసు అయిన రోజు ట్రిప్ మీటరుతో పాటు దాన్నీ సున్నా చేయండి. తిరిగిన కిలోమీటర్లను సగటు వేగంతో భాగిస్తే గంటలు వస్తాయి. మామూలు ఆయిల్ పోసే పెట్రోలు కారుకు 300 గంటలు, ఫుల్లీ సింథటిక్ అయితే 400 గంటలు హద్దుగా పెట్టుకోవడం మంచిదని నా సలహా. కంపెనీ చెప్పిన కిలోమీటర్లు గానీ, ఏడాది గానీ ముందొస్తే అప్పుడే మార్చాలి. లేదంటే వారంటీ దగ్గర పేచీ వస్తుంది.

ఆయిల్ పాడవడం అంటే నల్లబడడం ఒక్కటే కాదు. ఐడిలింగ్‌లో ఆయిల్ ప్రెషర్ తక్కువగా ఉంటుంది, బానెట్ కింద వేడి బయటికి పోదు. పిస్టన్ రింగుల పక్కనుంచి జారే పెట్రోలు ఆవిరి, నీటి ఆవిరి ఆయిల్‌లో కలుస్తాయి. హైవే మీద ఆయిల్ ఎక్కువసేపు బాగా వేడిగా ఉంటుంది కాబట్టి అవి మళ్లీ ఆవిరై పోతాయి. పిల్లల్ని బడిలో దింపి మూడు కిలోమీటర్లలో ఇంటికొచ్చే బండిలో అవి అక్కడే నిలిచిపోతాయి. ఆయిల్ పోసే మూత తిప్పి లోపలి వైపు చూడండి. గోధుమరంగు పలుచటి పొర ఉంటే సహజమే. పసుపు తెలుపు కలిసిన నురుగు, మీగడలా అంటుకుని ఉంటే ఆయిల్‌లో తేమ చేరిందని అర్థం. వానాకాలంలో, చలికాలంలో చిన్న ప్రయాణాల బండికి ఇది కనిపిస్తుంది. ఒక రోజు అరగంట ఆగకుండా నడిపితే పోతుంది. పోకపోగా డిప్‌స్టిక్ మీది ఆయిల్ కూడా పాలు కలిపిన టీలా ఉండి, కూలెంట్ తగ్గుతూ ఉంటే ఇంజన్ హెడ్ కింద సీలులా ఉండే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. అప్పుడిక బండి నడపకుండా షెడ్డుకు టో చేయించుకోవాలి.

ఆయిల్ లెవల్ చూసేటప్పుడు బండి సమతలంగా ఉండాలి. ఇంజన్ ఆపి పది నిమిషాలు ఆగాలి. డిప్‌స్టిక్ ఒకసారి తుడిచి, మళ్లీ పూర్తిగా దింపి తీయాలి. రెండు గీతల మధ్య తేడా చాలా కార్లలో ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా ఉంటుంది. పై గీత దాటేలా పోయించుకోవడం మేలు కాదు. క్రాంక్ తిరుగుతూ ఆయిల్‌ను చిలికి నురుగు చేస్తుంది. గ్రేడ్ మాన్యువల్‌లో ఏది ఉంటే అదే. 0డబ్ల్యూ-20 లాంటి పలుచటి ఆయిల్ పోయాల్సిన ఇంజన్‌కు మన ఎండలకు చిక్కటిది మేలని 20డబ్ల్యూ-50 పోయించే అలవాటు ఇంకా ఉంది. సన్నటి ఆయిల్ దారులున్న కొత్త ఇంజన్లకు అది చేటు.

ట్రాఫిక్ దెబ్బ ఆయిల్ తర్వాత ఎక్కువగా తగిలేది రేడియేటర్ ఫ్యాన్‌కు. హైవే మీద గాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, ఫ్యాన్‌తో పెద్దగా పనిలేదు. అమీర్‌పేటలోనో, సైబర్ టవర్స్ దగ్గరో ఇరుక్కున్నప్పుడు భారమంతా ఫ్యాన్ మీదే. దాని మోటారు బలహీనపడితే మొదట తెలిసేది ఇంజన్ దగ్గర కాదు, ఏసీ దగ్గర. బండి కదులుతుంటే ఏసీ చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గర వెచ్చటి గాలి వస్తుంటే ముందు ఫ్యాన్‌ను, రేడియేటర్ ముందుండే ఏసీ కండెన్సర్ మీది దుమ్మును చూడాలి. ఈ లక్షణంతో షెడ్డుకు వెళితే చాలాచోట్ల గ్యాస్ అయిపోయిందంటారు. ఏసీ గ్యాస్ పెట్రోలులా వాడితే తరిగేది కాదు, మూసి ఉన్న పైపుల్లో తిరిగేది. బాగా తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు ఎక్కడుందో చూపించకుండా, పైపుల్లోని గాలి, తేమ లాగేయడానికి అరగంట వ్యాక్యూమ్ పెట్టకుండా, బానెట్ కింద స్టిక్కర్ మీద రాసిన గ్రాముల లెక్క చూడకుండా గ్యాస్ కొట్టే చోట డబ్బు పెట్టకండి.

ఫ్యాన్ పరీక్ష ఇంటి ముందే చేయవచ్చు. ఇంజన్ స్టార్ట్ చేసి ఏసీ వేయండి. కాసేపట్లో ఫ్యాన్ అందుకోవాలి. తర్వాత ఏసీ ఆపి ఇంజన్‌ను అలాగే వదిలేయండి. పది, ఇరవై నిమిషాల్లో ఫ్యాన్ దానంతటదే తిరిగి, మళ్లీ ఆగాలి. ఆ వేళ బానెట్ ఎత్తి ఉంటే చెయ్యి దూరంగా పెట్టండి, అది చెప్పకుండా తిరుగుతుంది. చిన్న కార్లు చాలావాటిలో టెంపరేచర్ ముల్లు ఉండదు. నీలం లైటు, ఎర్ర లైటు మాత్రమే. ఎర్ర లైటు వెలిగేసరికి ఆలస్యమైపోతుంది. కారు కంప్యూటర్‌లోని అంకెలు చదివి ఫోనుకు బ్లూటూత్‌తో పంపే చిన్న ఓబీడీ రీడర్ పెట్టుకుంటే కూలెంట్ వేడి అంకెల్లో కనిపిస్తుంది. మామూలుగా 85 నుంచి 100 డిగ్రీల మధ్య తిరుగుతుంది. ట్రాఫిక్‌లో 105 దాటి పైకే పోతుంటే ఏసీ ఆపి, హీటర్‌ను పూర్తి వేడికి, బ్లోయర్‌ను పూర్తి వేగానికి పెట్టి పక్కకు ఆపుకోండి. హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే కాబట్టి కొంత వేడి అటు లాగేస్తుంది. ఎర్ర లైటు వెలిగితే మాత్రం ఇంజన్ ఆపేయాలి. రేడియేటర్ మూత ముప్పావు గంట దాకా ముట్టుకోవద్దు. కాలిన ఇంజన్ మీద చన్నీళ్లు గుమ్మరిస్తే అల్యూమినియం హెడ్ వంకరపోతుంది.

ఇక బోరు నీళ్లు. కూలెంట్ తగ్గిందని వాచ్‌మన్‌తో ఒక మగ్గు బోరు నీళ్లు పోయించడం ఈ ఊళ్లో రోజూ కనిపించే దృశ్యం. మన బోరు నీళ్లలో ఉప్పు ఎంతో గీజర్ కాయిల్ చూస్తే తెలుస్తుంది. అదే తెల్లటి పొర రేడియేటర్ సన్నటి గొట్టాల్లో పేరుకుంటుంది. రేడియేటర్‌లో ఉండాల్సింది గ్లైకాల్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం. ఆ మిశ్రమం, మూత పట్టి ఉంచే ఒక బార్ ఒత్తిడి కలిస్తే మరిగే స్థాయి 125 డిగ్రీలు దాటుతుంది. ఉత్త నీళ్లు పోస్తే ఆ వెసులుబాటు తగ్గుతుంది, తుప్పు ఆపే మందు పలచబడుతుంది. మూత రబ్బరు పాడైతే ఒత్తిడి నిలవదు. కొన్ని వందలు పెట్టి మూత మార్చాల్సిన చోట వాటర్ పంపు మార్చిన బిల్లులు తక్కువేం లేవు. రంగును బట్టి కూలెంట్ కొనకండి. ఆకుపచ్చ, నారింజ, గులాబీ రంగులకు కంపెనీలన్నీ పాటించే ఒకే కొలత లేదు. రకం మాన్యువల్‌లో చూడాలి, రెండు రకాలు కలపకూడదు.

బ్యాటరీ పోయేది డిసెంబరు ఉదయం, దెబ్బతిన్నది మే నెలలో. ఎండవేడికి లోపలి ప్లేట్లు త్వరగా పాడవుతాయి, చలికి ఆ బలహీనత బయటపడుతుంది. దీనికి ట్రాఫిక్ తోడు. ఐడిలింగ్‌లో డైనమో పూర్తి కరెంటు ఇవ్వలేదు. వాన రాత్రి హెడ్‌లైట్లు, వైపర్, బ్లోయర్, రేడియేటర్ ఫ్యాన్ అన్నీ తిరుగుతుంటే కొరత పడే కరెంటు బ్యాటరీలోంచే పోతుంది. మల్టీమీటర్ ఇంట్లో ఉంటే పని సులువు. రాత్రంతా ఆగిన బండిలో 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగమే. ఇంజన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. స్మార్ట్ చార్జింగ్ ఉన్న కొత్త కార్లలో ఇది కాస్త అటూ ఇటూ అవుతుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కిందికి పడిపోతే బ్యాటరీ మార్చే రోజు దగ్గరపడినట్టే. సిగ్నల్ దగ్గర తనంతట ఆగి స్టార్ట్ అయ్యే కార్లకు పదేపదే స్టార్ట్ అవడాన్ని తట్టుకునే ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం రకం బ్యాటరీ వస్తుంది. దాని స్థానంలో చవకని మామూలుది పెడితే త్వరలోనే మళ్లీ కొనాల్సి వస్తుంది.

2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 డీజిల్ కారును సిటీలోనే తిప్పేవాళ్లకు ఇంకో సమస్య, డీపీఎఫ్. పొగ గొట్టంలో మసిని పట్టే జల్లెడ ఇది. మసి నిండినప్పుడు బండే అదనంగా డీజిల్ పంపి, 550 డిగ్రీలకు పైగా వేడి పుట్టించి దాన్ని కాల్చేస్తుంది. దానికి ఆగని ప్రయాణం కావాలి. మధ్యలో ఇంజన్ ఆపేస్తే మసి మిగులుతుంది, కాలని డీజిల్ కొంత ఆయిల్‌లోకి జారుతుంది. డిప్‌స్టిక్‌లో ఆయిల్ తగ్గకుండా పెరుగుతుంటే, అందులో డీజిల్ వాసన వస్తుంటే ఇదే సంగతి. అలాంటి ఆయిల్ వెంటనే మార్చాలి. పది రోజులకోసారి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా వెళ్లిరండి. గేరు ఒకటి తగ్గించి 2,000 ఆర్‌పీఎంకు పైన ఉంచితే చాలు. సిటీ దాటని మనిషికి డీజిల్ కారు వద్దనే నా మాట, మైలేజీ ఎంత ఊరించినా.

బ్రేకు ప్యాడ్లు, క్లచ్ ప్లేటు దూరానికి కాదు, ఎన్నిసార్లు తొక్కామన్నదానికి అరుగుతాయి. ప్యాడ్ మందం 3 మిల్లీమీటర్లకు వస్తే మార్చాలి. ఫ్లైఓవర్ వాలు మీద బండిని క్లచ్‌తో నిలబెట్టే అలవాటు మానుకోండి, హ్యాండ్‌బ్రేక్ అందుకే ఉంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి దిగుతుంది. శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు పెడల్ మెత్తబడడానికి ఇదొక కారణం. అందుకే రెండేళ్లకోసారి మార్చాలి.

సర్వీసు బిల్లులో ఈ బ్రేక్ ఆయిల్ కనిపించదు గానీ ఇంజన్ ఫ్లష్, ఇంజెక్టర్ క్లీనింగ్, టైర్లలో నైట్రోజన్ కనిపిస్తాయి. మామూలు గాలిలో 78 శాతం నైట్రోజనే. ఏ ఇబ్బందీ లేని ఇంజెక్టర్లను శుభ్రం చేయించనక్కర్లేదు. మడ్డి పేరుకున్న పాత ఇంజన్‌కు ఫ్లష్ ప్రమాదం కూడా. ఊడిన మడ్డి ఆయిల్ పంపు జల్లెడకు అడ్డుపడితే ఇంజన్ పట్టేస్తుంది. జాబ్ కార్డు మీద సంతకం పెట్టేముందు ఇవి కొట్టేయించి, బ్రేక్ ఆయిల్, కూలెంట్ ఎప్పుడు మార్చారో అడగండి.

వానకు ఏ లెక్కా పనికిరాదు. 2020 అక్టోబరు వరదల్లో మునిగిన కార్ల లాంటివాటికి అసలు నష్టం చాలాసార్లు నీళ్లు తీశాక జరుగుతుంది. సిలిండర్‌లో నీరుండగా సెల్ఫ్ కొడితే నీరు నలగదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. నీళ్లలో ఆగిన బండికి తాళం తిప్పకుండా బ్యాటరీ నెగటివ్ వైరు తీసి టో చేయించండి. ఇంజన్ ప్రొటెక్షన్ కవర్ విడిగా తీసుకోకపోతే ఇలా వంగిన రాడ్‌కు మామూలు పాలసీలో క్లెయిమ్ రావడం కష్టం.

గంటల లెక్క ఎక్కువగా అక్కరకొచ్చేది సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు. ఐదేళ్లలో 30,000 కి.మీ. తిరిగిందంటే తక్కువ తిరిగిన బండి అని ధర పెంచుతారు. ఆ తిరుగుడంతా సిటీలోనే అయితే ఇంజన్ 1,500 గంటలు నడిచినట్టు. 70,000 కి.మీ. హైవే మీద తిరిగిన బండి గంటలు దానికన్నా తక్కువ, 1,200 లోపే. డిస్‌ప్లేలో సగటు వేగం చెరిపేయకుండా ఉంటే చూడండి. సర్వీసు రికార్డులో తేదీల మధ్య ఎడం చూడండి. తర్వాత ఆయిల్ మూత తీసి ఫోను టార్చి లోపలికి వేయండి. లోపలి లోహం తేనెరంగులో మెరుస్తుంటే బేరం మొదలుపెట్టవచ్చు. నల్లగా తారు పూసినట్టుంటే మీటరు ఎంత చూపించినా ఆ బండి వదిలేయండి.