మనుషుల సంగతి ఆఖర్న చూద్దాం

రైళ్ల నియంత్రణ డిజిటల్ అవుతోందని తెలియగానే కొందరు చాదస్తులు అడిగే ప్రశ్న ఒకటుంది. "మరి సిబ్బందిని ఎప్పుడు సిద్ధం చేస్తారు?" పెద్ద పనులు ఆలస్యమయ్యేది ఇలాంటి ప్రశ్నల వల్లేనని నా గట్టి నమ్మకం. ముందు టెండరు. తర్వాత పట్టాల మధ్య బాలీజులు (బండికి తానెక్కడుందో చెప్పే పెట్టెలు), దారి పొడవునా రేడియో టవర్లు, ఇంజన్‌లో కంప్యూటర్, డ్రైవర్ ముందు తెర. ఆపైన రిబ్బన్ కత్తిరింపు. మనుషులు ఎక్కడికి పోతారు? జీతం తీసుకుంటూ అక్కడే ఉంటారు కదా.

అసలు మారుతున్నదేమిటి? నిన్నటిదాకా డ్రైవర్ అద్దంలోంచి సిగ్నల్ చూసి బండి నడిపారు. యూరప్‌లో పుట్టిన ఈటీసీఎస్ అనే రైలు నియంత్రణ వ్యవస్థలో లెవెల్ 2 రకం వస్తే పట్టాల పక్కన సిగ్నళ్లు లేకపోయినా నడిచిపోతుంది. ఎంత దూరం వెళ్లొచ్చో రేడియో బ్లాక్ సెంటర్ అనే నేల మీది కంప్యూటర్ చెబుతుంది, అది తెర మీద కనిపిస్తుంది. ఇరవై ఏళ్లు బయటికి చూసిన కళ్లు ఇకనుంచి లోపలికి చూడాలి, అంతే. మెడ కాస్త వంచడానికి కూడా కోర్సు కావాలా?

బ్రేకు సంగతీ అంతే. ఎక్కడ బ్రేకు వేస్తే బండి ఎక్కడ ఆగుతుందో డ్రైవర్‌కి ఒంట్లో ఇంకిపోయి ఉంటుంది. కంప్యూటర్ మాత్రం పరిస్థితి బాగోలేదనుకునే లెక్క కట్టి, ఇంకా ముందే వేయమంటుంది. వినకపోతే తనే వేస్తుంది. ఆ లెక్కకు ఆధారం బయల్దేరే ముందు డ్రైవర్ నమోదు చేసిన రైలు పొడవు, బ్రేక్ శాతం (బరువుతో పోలిస్తే బ్రేకు బలమెంతో చెప్పేది) లాంటి అంకెలు. తప్పు అంకె కొడితే యంత్రం ఆ తప్పును మహా కచ్చితంగా అమలు చేస్తుంది. కాబట్టి ఈ అంకెల్ని, టైమైపోయిందని రేడియోలో ఎవరో తొందరపెడుతుండగా కొట్టించడమే ఉత్తమం.

శిక్షణ ఇవ్వక తప్పదని భద్రతా విభాగం మరీ పట్టుబడితే, ఎప్పుడివ్వాలన్నదే అసలు విషయం. ప్రారంభ తేదీకి బాగా ముందే ఇచ్చేయండి. ఆ తేదీ ఎలాగూ వెనక్కి జరుగుతుంది. జరిగేలోపు నేర్చుకున్నది మరిచిపోతారు. అప్పుడు రిఫ్రెషర్ కోర్సు పెట్టొచ్చు. తేదీ మళ్లీ జరుగుతుంది, మళ్లీ రిఫ్రెషర్. దేశమంతా సిగ్నలింగ్ మార్చేయాలని 2009లో నిర్ణయించుకున్న డెన్మార్క్, 2021కల్లా ముగించేద్దామనుకుంది. 2021 వచ్చి వెళ్లిపోయింది, పని మిగిలే ఉంది. ఇంత వ్యవధి ఉంటే ఒక డ్రైవర్ శిక్షణ పొంది, మరిచి, మళ్లీ పొంది, కొత్త తెర మీద ఒక్క బండీ నడపకుండానే రిటైర్ కావచ్చు. రికార్డుల్లో మాత్రం "శిక్షణ పూర్తయింది" అనే ఉంటుంది.

క్లాసులో కూర్చుంటే బండి ఎవరు నడుపుతారని రోస్టర్ గుమాస్తా అడుగుతారు. అదనపు మనుషులుంటే దుబారా అని కిందటి బడ్జెట్‌లోనే కోసేశాం గనక ఆ ప్రశ్నకు జవాబు లేదు. కొన్ని రైళ్లు రద్దు చేయండి. కారణం దగ్గర "సిబ్బంది కొరత" అని రాయండి, "ఆధునికీకరణ" అని మాత్రం రాయకండి, పైవాళ్లు బాధపడతారు. సిమ్యులేటర్‌లోని సాఫ్ట్‌వేర్ ఇంజన్‌లో ఉన్నదానికంటే ఒక వెర్షన్ పాతదా? టెన్షన్ వద్దు. బటన్ ఎక్కడుందో వెతుక్కోవడమూ ఒక నైపుణ్యమే.

రిలే (పాత సిగ్నళ్ల విద్యుత్ స్విచ్) చప్పుడు విని లోపం చెప్పగల సిగ్నల్ మెయింటెయినర్ చేతిలో ల్యాప్‌టాప్ పెట్టి, లాగ్ ఫైల్ పంపమనండి. దాన్ని చదివే హక్కు ఒప్పందం ప్రకారం సరఫరాదారుడి ఇంజనీరుది. ఆయన మరో ఖండంలో నిద్రపోతుంటారు.

ఇక సంస్థే మారాలనే వాదన ఒకటుంది. ఇది వినడానికే అమర్యాదగా ఉంది. కొత్త వ్యవస్థకు సగం బుర్ర నేల మీద, సగం ఇంజన్‌లో ఉంటుంది. బండి దారిలో నిలబడిపోతే లోపం ఎటువైపో తేల్చడానికి పట్టాలవాళ్లు, బండ్లవాళ్లు ఒకరి డేటా ఒకరికి చూపించుకోవాలి. అంత చనువు మంచిది కాదు. సమన్వయ కమిటీ వేస్తే చాలు. రూల్ బుక్ జోలికి అసలు పోకండి, పాతదానికే అనుబంధాలు అతికించండి. (నిజానికి రూల్ బుక్ తిరగరాయడం సాఫ్ట్‌వేర్ రాయడం కంటే కష్టం. కంప్యూటర్‌కి యూనియన్ లేదు.)

ఈటీసీఎస్ రూపకర్తల్లో నాకు బాగా నచ్చింది వాళ్ల దూరదృష్టి. ముందున్న దారి గురించి యంత్రానికి సరిగ్గా తెలియనప్పుడు బండిని కదిలించడానికి "స్టాఫ్ రెస్పాన్సిబుల్" అని ఒక మోడ్ పెట్టారు. అందులో ఒక గరిష్ఠ వేగం, సాధారణంగా గంటకు 40 కిలోమీటర్లు, దాటకుండా యంత్రం చూస్తుంది. పట్టా ఖాళీగా ఉందా, బండిని ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకి మళ్లించే పాయింట్లు సరిగ్గా ఉన్నాయా అన్నది డ్రైవర్ చూసుకోవాలి. అన్నీ సవ్యంగా ఉన్న రోజున కంప్యూటర్, చెడిపోయిన రోజున మనిషి. అదీ ఆ మనిషి ఏడాదికి ఎప్పుడో ఒకసారి చేసే పని. ఈ పని విభజనను హెడ్డాఫీసులు కంప్యూటర్లు రాకముందు నుంచే పాటిస్తున్నాయి.

ఇంత చెప్పాక, ఈటీసీఎస్‌తోనే నడిచే వేల్స్‌లోని కేంబ్రియన్ లైన్‌లో జరిగిన ఒక క్రమశిక్షణ రాహిత్యాన్ని దాచడం భావ్యం కాదు. 2017 అక్టోబర్ 19 రాత్రి అక్కడి సిగ్నలింగ్ కంప్యూటర్ దానంతటదే రీస్టార్ట్ అయింది. తాత్కాలిక వేగ పరిమితుల డేటా మళ్లీ లోడ్ కాలేదు. కంట్రోల్ సెంటర్‌లోని తెర మాత్రం అన్నీ లోడైనట్టే చూపించింది. మర్నాడు ఒక లెవెల్ క్రాసింగ్ దగ్గర 30 కిలోమీటర్లు మించకూడని చోట ఒక రైలు 80తో వెళ్లింది. ఎవరికీ ఏమీ కాలేదు. విషయం పట్టుకున్నది ఇంకో కంప్యూటరేమీ కాదు. పేరుకు తాత్కాలికమే అయినా ఎప్పటినుంచో ఉన్న వేగ పరిమితి ఈ రోజు తెర మీద లేదేమిటని ఒక డ్రైవర్ అడిగారు.

ఇంజన్‌లోని తెర ఏ అభ్యంతరమూ చెప్పలేదు, కంట్రోల్ తెర అంతా బాగుందంది, ఈ ఒక్క మనిషికే అనుమానం! దారిని గుర్తుపెట్టుకునే ఈ పాత అలవాటును నైపుణ్యాల పట్టికలో ఏ గడిలో వేయాలో నాకు తోచలేదు. రాబోయే రిఫ్రెషర్‌లో దాన్ని మాన్పించే స్లైడ్ ఒకటి, వీలైతే భోజన విరామానికి ముందే చేర్చాలని నా మనవి.