విద్యుత్ బండికి అలికిడి ఉండాలి

వెనక నుంచి వచ్చే బండిని ఎవరూ కళ్లతో చూడరు. చెవితో పసిగట్టి పక్కకు తప్పుకొంటారు. కాలిబాటలు లేక రోడ్డు అంచునే నడవాల్సిన మన ఊళ్లలో ఎందరి ప్రాణాలనో రోజూ కాపాడుతున్నది ఆ చెవే. విద్యుత్ వాహనాలు దానికి అందకుండా దగ్గరికి వచ్చేస్తున్నాయి. నడిచేవారు గుర్తుపట్టగల శబ్దాన్ని వాటికి తప్పనిసరి చేస్తూ కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ 2025 సెప్టెంబరులో ముసాయిదా వెలువరించింది. దాని ప్రకారం 2026 అక్టోబరు 1 నుంచి కొత్త మోడళ్లకు, 2027 అక్టోబరు 1 నుంచి అప్పటికే అమ్ముడవుతున్న మోడళ్లకు హెచ్చరిక ధ్వని వ్యవస్థ అమర్చాలి. ఆలస్యమైనా ఇది మంచి నిర్ణయం. అయితే ఆ ముసాయిదా కార్లు, బస్సులు, లారీల దగ్గరే ఆగిపోయింది. మన దేశంలో అమ్ముడవుతున్న విద్యుత్ వాహనాల్లో పదింట తొమ్మిదికి పైగా స్కూటర్లు, ఆటోల వంటివే. వాటి ఊసే అందులో లేదు.

పెట్రోలు, డీజిల్ బండి కదలకుండా ఉన్నా ఇంజిను తన ఉనికి చాటుతూనే ఉంటుంది. విద్యుత్ మోటారుకు ఆ గోల లేదు. టైర్లు రోడ్డును రాసుకునే చప్పుడు, గాలి రొద గంటకు 20 నుంచి 30 కిలోమీటర్ల వేగం దాటాకే గట్టిగా వినిపిస్తాయి. అపార్టుమెంటు సెల్లారులోంచి పైకెక్కే కారు, రైతుబజారు ముందు వెనక్కి తీసే ట్రాలీ ఆటో, బడి విడిచే వేళ గేటు దగ్గర పిల్లల మధ్య నుంచి దారి చేసుకునే స్కూటరు... వీటన్నిటి వేగమూ అంతకు లోపే. మనిషికీ బండికీ మధ్య జానెడు దూరం కూడా ఉండని చోటే ఈ నిశ్శబ్దం పొంచి ఉంటోంది.

ఇది ఉత్త భయమేమీ కాదు. బ్రిటన్‌లో 2013 నుంచి 2017 వరకు జరిగిన ప్రమాదాలను లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్ పరిశోధకులు లెక్కగట్టి 2024లో ఫలితాలు ప్రకటించారు. తిరిగిన దూరాన్ని బట్టి చూస్తే, విద్యుత్, హైబ్రిడ్ కార్లు పాదచారులను ఢీకొనే అవకాశం పెట్రోలు, డీజిల్ కార్లకన్నా రెండింతలుగా తేలింది. పట్టణాల్లో ఈ తేడా మరీ ఎక్కువ. అప్పటికి ఐరోపాలో శబ్దం తప్పనిసరి కాలేదు. 2019 జులై నుంచి కొత్త మోడళ్లకు, 2021 జులై నుంచి అమ్మే ప్రతి కొత్త వాహనానికి ఐరోపా సమాఖ్య ఆ నిబంధన వర్తింపజేసింది. జపాన్ 2010లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. అమెరికాలో అంధుల సంఘాల పట్టుదల వల్ల 2010లో చట్టం ఆమోదం పొందింది. కానీ దాని కింద నిబంధనలు ఖరారు కావడానికి 2016 డిసెంబరు దాకా, పూర్తిగా అమలు కావడానికి 2021 దాకా పట్టింది. పదేళ్ల ఆ జాప్యం నుంచి మనం నేర్చుకోవాల్సింది ఎంతో ఉంది.

శబ్దం అంటే హారనే కదా, మన రోడ్ల మీద దానికి కొదవేమిటని కొందరు అంటారు. డ్రైవరు మనిషిని చూస్తేనే హారన్ మోగుతుంది. ఫోను చూస్తూ ఉన్నప్పుడు, అద్దంలో కనిపించని పిల్లవాడు వెనక చక్రం దగ్గర ఉన్నప్పుడు అది మోగదు. హెచ్చరిక ధ్వనికి డ్రైవరు చూపుతో పని లేదు, బండి కదిలితే చాలు. ఆర్టీసీ బస్టాండులో బస్సును వెనక్కి తీసేటప్పుడు కండక్టరు దిగి, వెనక నిలబడి ఈల వేయడం మనకు తెలిసిన దృశ్యమే. ప్లాట్‌ఫారం అంచున బస్సులకు వీపు చేసి, సామాను సర్దుకుంటూ నిలబడేవారు ఎందరో. డీజిల్ బస్సు అయితే ఈల వినకపోయినా ఇంజిను మోత వాళ్లను పక్కకు తప్పిస్తుంది. విద్యుత్ బస్సు విషయంలో ఆ రెండో రక్ష లేదు.

కాలుష్యం, రొద తగ్గుతాయని తెచ్చుకున్న బండికి మళ్లీ చప్పుడు తగిలించడమేమిటని అడిగేవారి మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. శబ్ద కాలుష్యంతో మన నగరాలు నిజంగానే అల్లాడుతున్నాయి. కానీ ఈ హెచ్చరిక ధ్వనికి కొలతలు నిర్దేశించే ఐక్యరాజ్యసమితి 138వ నంబరు నిబంధన కోరుతున్నదెంతో చూడండి. గంటకు 10 కిలోమీటర్ల వేగంలో కనీసం 50 డెసిబెళ్లు, 20 కిలోమీటర్ల దగ్గర 56, వెనక్కి నడిపేటప్పుడు 47. ఎట్టి పరిస్థితుల్లోనూ 75 దాటకూడదు. మన చట్టం నివాస ప్రాంతాల్లో పగలు అనుమతించే పరిమితే 55 డెసిబెళ్లు. రెండు మీటర్ల దూరంలో మామూలు మాటల స్థాయిలో వినిపించే ఈ శబ్దం, దూరం పెరిగేకొద్దీ సన్నగిల్లిపోతుంది. అదే నిబంధనలో మరో రెండు షరతులు ఉన్నాయి. వేగం పెరిగేకొద్దీ శ్రుతి పెరగాలి. అప్పుడే బండి జోరందుకుంటోందో, నెమ్మదిస్తోందో చెవికి తెలుస్తుంది. శబ్దంలో కొంత భాగమైనా 1600 హెర్ట్జ్ లేదా అంతకన్నా తక్కువ స్థాయిలో ఉండాలి. వయసు మీదపడినవారికి ముందుగా దూరమయ్యేవి కీచు స్వరాలే మరి. దీన్ని రూపొందించినవారు తాతలను, అమ్మమ్మలను దృష్టిలో పెట్టుకున్నారని తెలుస్తోంది.

సొంత అభిరుచి కొద్దీ పాటలో, కేకలో పెట్టుకునే వెసులుబాటు మాత్రం ఇవ్వకూడదు. బయటి స్పీకరు ద్వారా నచ్చిన శబ్దాలు వినిపించే సదుపాయం హెచ్చరిక ధ్వనిని మరుగుపరుస్తోందన్న కారణంతో 2022లో అమెరికాలో టెస్లా 5.78 లక్షల కార్లలో మార్పు చేయాల్సి వచ్చింది. వినగానే 'బండి వస్తోంది' అని తెలియాలి. శబ్దాన్ని ఆపేసే స్విచ్చు డ్రైవరు చేతిలో ఉండకూడదు. మొదట్లో అనుమతించిన ఆ స్విచ్చును ఐరాస నిబంధన తర్వాత తొలగించింది.

2011 జనగణన ప్రకారం దేశంలో చూపు లోపం ఉన్నవారు 50 లక్షలకు పైగా ఉన్నారు. చౌరస్తాలో తెల్లకర్రతో నిలబడిన వ్యక్తి తన పక్క దారిలో ఆగిన వాహనాలు ఒక్కసారిగా కదిలిన మోత విని, ఇక దాటవచ్చని అడుగు వేస్తారు. ఎదురుగా ఇంజిను మోగుతుంటే అక్కడ బండి ఆగి ఉందని తెలుసుకుంటారు. విద్యుత్ కారు ఆగి ఉంటే వారికి అక్కడ ఖాళీ రోడ్డే. గేరు వేసి ఆపిన బండి కూడా శబ్దం చేయాలని అమెరికా నిబంధన చెబుతోంది. ఐరాస నిబంధన దాన్ని ఐచ్ఛికంగా వదిలేసింది. ఈ విషయంలో మనం అమెరికా దారి పట్టాలి. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. ఏ శబ్దం ఎంత దూరం నుంచి, ఎంత గోలలో వినిపిస్తుందో పరీక్షించే చోట చూపు లేనివారిని కూర్చోబెట్టడం ఆ చట్టం స్ఫూర్తికి తగిన పని.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని బలిగొన్నాయి. వారిలో 32,825 మంది పాదచారులు. కాలిబాటపై నడిచే హక్కు జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ కాలిబాటలు వచ్చేదాకా నడిచేవారు రోడ్డు మీదే ఉంటారు. అదీ ఎదురుదిశలో దూసుకొచ్చే స్కూటర్ల మధ్య. కుడివైపు చూసి దాటుతున్న మనిషికి ఎడమవైపు నుంచి రాంగ్ రూటులో చప్పుడు లేకుండా వచ్చే స్కూటరుతో ఉన్నంత ప్రమాదం, క్రమశిక్షణగా వెళ్లే కారుతో ఉండదు. అందుకే ద్విచక్ర, త్రిచక్ర వాహనాలను వదిలేసిన నిబంధన సగం నిబంధనే అంటున్నాం.

అందులోనూ ఒక తరగతి బండ్లపై ప్రత్యేకంగా దృష్టి పెట్టాలి. 250 వాట్ల లోపు మోటారుతో, గంటకు 25 కిలోమీటర్లు మించని వేగంతో నడిచే విద్యుత్ స్కూటర్లను మన నిబంధనలు మోటారు వాహనాలుగానే పరిగణించవు. వాటికి లైసెన్సు అక్కర్లేదు, నంబరు ప్లేటు లేదు. వస్తువులు ఇంటింటికీ చేర్చే కుర్రాళ్లు ఎందరో వీటి మీదే గల్లీల్లో తిరుగుతున్నారు. తప్పు వారిది కాదు. చవకగా దొరికేది, చట్టం ఒప్పుకొన్నది వారు నడుపుతున్నారు. కానీ వీటి వేగమంతా సరిగ్గా శబ్దం వినపడని పరిధిలోనే ఉంది. గుద్ది వెళ్లిపోతే గుర్తుపట్టే ఆధారమూ లేదు. ఈ మినహాయింపు పొందాలంటే తగిన బ్రేకులు, ముందు తెలుపు, వెనక ఎరుపు రిఫ్లెక్టర్లు ఉండాలని నిబంధనే షరతు పెట్టింది. అదే జాబితాలో హెచ్చరిక ధ్వనిని చేర్చడానికి కొత్త చట్టమేమీ అవసరం లేదు.

కేంద్రం తుది నిబంధనలో ద్విచక్ర, త్రిచక్ర వాహనాలకూ కార్లతో సమానంగా గడువు నిర్ణయించాలి. ఇప్పటికే రోడ్డెక్కినవాటికి తర్వాత అమర్చుకునేలా ధ్రువీకరించిన స్పీకర్లను అందుబాటులోకి తేవాలి. ముందుగా అద్దెకు, సరుకు రవాణాకు తిరిగే బండ్లతో ఆ పని మొదలుపెట్టడం మేలు. రాష్ట్రాలు చేతులు కట్టుకుని ఎదురుచూడాల్సిన అవసరం లేదు. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో తెచ్చిన విధానంతో విద్యుత్ వాహనాలకు 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్నును, రిజిస్ట్రేషన్ రుసుమును పూర్తిగా మినహాయించింది. ప్రజల సొమ్ము ఇంతగా వదులుకుంటున్నప్పుడు ఆ ప్రజలు నడిచే దారి భద్రత గురించి తయారీదారులను అడిగే హక్కు ప్రభుత్వానికి ఉంది. హైదరాబాద్ వీధుల్లో, తిరుమల ఘాట్ రోడ్డులో విద్యుత్ బస్సులు ఇప్పటికే నడుస్తున్నాయి. ఇకపై రెండు రాష్ట్రాల ఆర్టీసీలు పిలిచే ప్రతి టెండరులోనూ హెచ్చరిక ధ్వనిని షరతుగా చేర్చాలి. దానికి 2027 అక్టోబరు దాకా ఆగనక్కరలేదు.