రాజధానికి ముఖం లేని స్మారకం కావాలి

2025 మే 2న అమరావతి పనులు మళ్లీ మొదలయ్యాక మన చర్చంతా టవర్లు, రోడ్లు, ఎకరాల చుట్టూనే తిరుగుతోంది. విగ్రహాల మాట వస్తే ఎవరిది, ఎన్ని అడుగులు అనే లెక్కే. నేను అడిగేది వేరు. ఆ రాజధానిలో ఏ ఒక్కరి ముఖమూ లేని స్మారకం ఒకటి ఉండి తీరాలి.

ఇజ్రాయెల్ శిల్పి డానీ కరవాన్ ఆ పని చేసి చూపించారు. పాలస్తీనియన్లతో శాంతి ఒప్పందం చేసుకున్న ప్రధాని ఇత్జాక్ రబీన్‌ను 1995 నవంబరులో సొంత దేశస్థుడే కాల్చి చంపాడు. మరుసటి ఏడాది పారిస్‌లోని యునెస్కో కార్యాలయంలో రబీన్ స్మృతికి కరవాన్ ఒక ప్రాంగణం రూపొందించారు. దానికి సహనం పేరే పెట్టారు. ఒక ఆలివ్ చెట్టు, ఒక రాతి గోడ. యుద్ధాలు మనుషుల మనసుల్లో పుడతాయి కనుక శాంతికి రక్షణ కట్టాల్సిందీ అక్కడేనన్న యునెస్కో మాట ఆ గోడ మీద పది భాషల్లో ఉంది. రబీన్ విగ్రహం లేదు. అంతకుముందు 1993లో, నాజీలు జాతి చట్టాలు ప్రకటించిన న్యూరెంబర్గ్‌లోనే ఆయన స్తంభాల వరుస నిలబెట్టి, వాటి మీద మానవ హక్కుల ప్రకటనను జర్మన్‌లోనూ ఇతర భాషల్లోనూ చెక్కించారు. కళ మనుషుల మధ్య మాట కలుపుతుందని నమ్మిన శిల్పి ఎవరి ముఖాన్నీ మధ్యలో పెట్టలేదు.

ఇదేదో పరాయి ఆలోచన అనుకోకండి. అమరావతి స్తూపం తొలి శిల్పాల్లో బుద్ధుడు మనిషి రూపంలో కనిపించడు. ఖాళీ సింహాసనం, పాదముద్రలు, బోధివృక్షం, ధర్మచక్రం ఉంటాయి. వాటి చుట్టూ మాత్రం జనమే జనం, చేతులు జోడించినవాళ్లు, వంగి మొక్కేవాళ్లు. ఆ శిల్పి ముఖాన్ని వదిలేసి ఎంత చోటు మిగిల్చాడో చూడండి! నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజు అశ్వమేధం చేస్తే, ఆ ఇంటి ఆడవాళ్లు బౌద్ధ స్తూపాలకు దానాలిచ్చారు. సింహళ భిక్షువులకు అక్కడ విహారం ఉండేది. శకుల దుస్తుల్లో ఉన్న సైనికుణ్ణి కూడా మన శిల్పి పల్నాటి సున్నపురాయిలో చెక్కాడు. పరాయివాడి చొక్కా మడతలు కూడా శ్రద్ధగా చూసి చెక్కిన చెయ్యి అది. నా దృష్టిలో సహనమంటే అదే.

ఇప్పుడు మన ఊళ్లలో గొడవ ముఖం దగ్గరే మొదలవుతోంది. ఎన్నికల కోడ్ రాగానే కూడళ్లలో విగ్రహాలకు ముసుగులు. రాత్రికి రాత్రి ఒక విగ్రహానికి అపచారం జరిగితే తెల్లారేసరికి పోలీసు పికెట్, ఊరంతా టెన్షన్. గుంటూరు జిన్నా టవర్ మీద అసలు ముఖమే లేదు, పేరొక్కటే 2022లో ఎంత రగడకు దారి తీసిందో తెలిసిందే.

విగ్రహం అంటే ఆత్మగౌరవం కదా అంటారు. నిజమే. విజయవాడ స్వరాజ్ మైదానంలో 125 అడుగుల అంబేద్కర్‌ను తలెత్తి చూసే దళిత కుటుంబానికి ఆ ఎత్తులో న్యాయం కనిపిస్తుంది. దాన్ని ఎవరూ తక్కువ చేయకూడదు. నేను కోరేది దానికి పోటీ కాదు, దాని పక్కన మరొకటి.

అసలు జబ్బు వ్యక్తిపూజ. అది రాజకీయాన్నే కాదు, కళనూ తినేసింది. తెనాలి శిల్పశాలల్లో అన్ని పార్టీల నాయకులూ ఒకే కప్పు కింద తయారవుతారు. లారీ ఎక్కాకే వాళ్లు ప్రత్యర్థులు. కానీ ఆ శిల్పి చేతికి మనం ఇచ్చేది ఒక ఫొటో, ఒక కొలత, ఒక గడువు. నువ్వేమనుకుంటున్నావని అడగం. ఆలోచించే మనిషిని అచ్చు తీసే పనివాడిగా మార్చేసి, మన కళ ఎందుకు మూగబోయిందని బాధపడటంలో అర్థం లేదు.

కృష్ణ ఒడ్డున కొంచెం ఖాళీ స్థలం ఇవ్వండి. పల్నాటి రాయి ఉంది, దుర్గి శిల్పులున్నారు. రాజ్యాంగ పీఠికను తెలుగులో, ఉర్దూలో, సొంత లిపి లేని లంబాడీ, ఎరుకల మాటల్లో తెలుగు అక్షరాలతో చెక్కించండి. ఎలా ఉండాలో శిల్పులనే తేల్చుకోనివ్వండి. ప్రారంభించిన నాయకుల పేర్ల ఫలకం వద్దు. ఉలి పట్టినవాళ్ల పేర్లు ఉంటే చాలు.