ఏకగ్రీవంగా తీర్మానించడమైనది

బోర్డు సమావేశమంటే నలుగురు కూర్చుని నాలుగు రకాలుగా వాదించుకోవడమని అమాయకులు కొందరు ఇప్పటికీ అనుకుంటున్నారు. మన రెండు తెలుగు రాష్ట్రాల బెవరేజెస్ కార్పొరేషన్ల నిర్మాణాన్ని కాస్త ఓపికగా పరిశీలిస్తే ఆ భ్రమ తొలగిపోతుంది. 1986లో ఉమ్మడి రాష్ట్రంలో పుట్టిన ఆ సంస్థలో వాటాలు ప్రభుత్వానివి. డైరెక్టర్లను నియమించేది ప్రభుత్వం. టోకున మద్యం కొని అమ్మే హక్కు ఆ సంస్థకు తప్ప ఇంకెవరికీ ఉండరాదని 1993లో చట్టం చేసిందీ ప్రభుత్వమే. ఇక ఆ వ్యాపారం సక్రమంగా సాగుతున్నదో లేదో కనిపెట్టి చూడవలసినది మద్యనిషేధ, ఎక్సైజ్ శాఖ. అదీ ఆ ప్రభుత్వానిదే. ఇన్ని అధికారాలు ఒకే గూటికి చేరిన చోట భిన్నాభిప్రాయానికి తావెక్కడ?

ఈ ఏర్పాటులోని సౌలభ్యం కింది స్థాయిలో ఇంకా బాగా తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో డిస్టిలరీలు, బ్రూవరీల కమిషనరుగానూ, కార్పొరేషన్ మేనేజింగ్ డైరెక్టరుగానూ ఒకే అధికారి పనిచేసిన సందర్భాలున్నాయి. సరుకు తయారుచేసేవారిపై నిఘా పెట్టేదీ ఆయనే, వారి దగ్గర సరుకు కొనేదీ ఆయనే. కమిషనరు హోదాలో ఆయనకేదైనా అనుమానం కలిగిందనుకుందాం. మేనేజింగ్ డైరెక్టరుకు ఒక లేఖ రాసి, కింద ఆకుపచ్చ సిరాతో సంతకం చేసి, ఆ ఫైలును బల్లకు ఎడమవైపు నుంచి కుడివైపుకు జరుపుకుని, 'పరిశీలించడమైనది, అభ్యంతరకరమైనదేదీ కనిపించలేదు' అని అదే కలంతో జవాబు రాసుకోవచ్చు. విడవమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం అని మన పెద్దలు దిగులుపడ్డారు గాని, పామూ కప్పా ఒక్కరే అయితే ఎవరికీ కోపం రాదన్న పరిష్కారం వారికి తట్టలేదు.

ఈ బోర్డు దూరదృష్టిని 2019 తర్వాతి ఆంధ్రప్రదేశ్‌లో చూసి తీరాలి. దశలవారీగా మద్యనిషేధం తెస్తామన్న ప్రభుత్వం ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి చిల్లర దుకాణాలను కూడా ఈ కార్పొరేషన్‌కే అప్పగించింది. నిషేధించాలంటే ముందు సరుకు చేతిలో ఉండాలి కదా! తర్వాత 2021లో చట్టాన్ని సవరించి, అమ్మఒడి వంటి సంక్షేమ పథకాల అమలును కూడా కార్పొరేషన్ బాధ్యతల్లో చేర్చారు. అంటే తండ్రి సాయంత్రం దుకాణంలో ఇచ్చిన డబ్బు పిల్లవాడి చదువుకోసం తల్లి ఖాతాకు చేరే రాజమార్గాన్ని శాసనసభ వేసిందన్నమాట. ఆపై 2022లో అదే సంస్థ బాండ్లు జారీచేసి 8,300 కోట్ల రూపాయల పైచిలుకు అప్పు తెచ్చింది. మద్యనిషేధానికి కట్టుబడిన రాష్ట్రంలో, రాబోయే సంవత్సరాల్లో జనం తాగబోయే మద్యాన్ని నమ్ముకుని మదుపరులు వేల కోట్లు పెట్టారంటే, ఆ బోర్డు మాట మీద కంటే మన తాగుబోతుల నిలకడ మీద వారికి ఎంత విశ్వాసమో ఊహించుకోవచ్చు. (ఆ కాలపు కొనుగోళ్లపై ఆరోపణలు, దర్యాప్తు, అరెస్టులు వేరే కథ, అది న్యాయస్థానాల ముందున్నది కనుక దాన్ని వదిలేస్తున్నాను.)

తెలంగాణ వారు ఈ విషయంలో వెనుకబడ్డారని ఎవరూ అనుకోనక్కరలేదు. అక్కడి కార్పొరేషన్ బకాయిలు చెల్లించడం లేదనీ, ధర ఏళ్ల తరబడి పెంచలేదనీ చెప్పి 2025 జనవరిలో కింగ్‌ఫిషర్ బీరు తయారుచేసే యునైటెడ్ బ్రూవరీస్ సరఫరా నిలిపివేసింది. నియంత్రించవలసినవారు నియంత్రణలో ఉండవలసినవారికి బాకీపడటం పాలనాశాస్త్రంలో కొత్త అధ్యాయం. కొద్ది రోజులకు సరఫరా మొదలైంది. ఫిబ్రవరిలో విశ్రాంత న్యాయమూర్తి నేతృత్వంలోని కమిటీ సిఫారసుపై ధర 15 శాతం పెరిగింది. ఎండాకాలం రాకముందే సమస్య పరిష్కారమైనందుకు కమిటీని అభినందించాలి. పెరిగిన ధర కట్టేవాడి ప్రతినిధి ఆ చర్చల్లో ఉన్నట్టు నేనెక్కడా చదవలేదు, బహుశా అతడు దుకాణం ముందు వరుసలో ఉండి ఉంటాడు.

జూదం సంగతికి వస్తే మన ప్రభుత్వాల నిష్ఠ మరీ గొప్పది. వేపచెట్టు కింద నలుగురు పేకాడితే 1974 నాటి గేమింగ్ చట్టం కింద ముక్కలతో సహా పట్టుకుపోతారు. రమ్మీలో నైపుణ్యమే ప్రధానమని సుప్రీంకోర్టు 1968లోనే, అదీ మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులోనే చెప్పినా, ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ నిషేధించాయి. నైపుణ్యం ఏమాత్రం అక్కరలేని ఆటను, అంటే మద్యం దుకాణాల లైసెన్సులకు తీసే లాటరీని మాత్రం స్వయంగా నిర్వహిస్తున్నాయి. 2023లో తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలకు లక్షా 30 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒక్కో దరఖాస్తుకు రుసుము 2 లక్షల రూపాయలు, చీటీ తగలకపోతే వాపసు లేదు. ఖజానాకు 2,600 కోట్లకు పైగా చేరింది. 2025లో రుసుమును 3 లక్షలు చేస్తే దరఖాస్తులు తగ్గాయి గాని రాబడి పెరిగింది. 2024లో ఆంధ్రప్రదేశ్ కూడా చిల్లర దుకాణాలను కార్పొరేషన్ నుంచి తిరిగి ప్రైవేటువారికి అప్పగిస్తూ, 3,396 దుకాణాలకు ఇదే ఆట ఆడించి దాదాపు 1,800 కోట్లు గడించింది. నంబరు బిళ్లలు డబ్బాలో వేసి, గలగలా కుదిపి, ఒకటి తీసి అందరికీ ఎత్తి చూపించేది సాక్షాత్తూ జిల్లా యంత్రాంగం. పోలీసులు అక్కడా ఉంటారు, బందోబస్తుకు.

ఈ ఘనత మనకొక్కరికే దక్కిందని విర్రవీగడం తగదు. కెనడాలోని ఆల్బర్టాలో జూదం, మద్యం, గంజాయి మూడింటికీ ఒకటే సంస్థ. లైసెన్సు విషయంలో ఆ సంస్థ తీసుకున్న నిర్ణయం నచ్చకపోతే ఆ సంస్థ బోర్డు దగ్గరే విచారణ కోరుకోవాలి. 2019 ఎన్నికల్లో అధికారంలోకి వచ్చిన పార్టీ తరఫున పోటీచేసి ఓడిపోయిన పెద్దమనిషి అదే ఏడాది ఆ బోర్డుకు చైర్మన్ అయ్యారు. నామినేటెడ్ పదవుల విద్య మన దగ్గరే పుట్టిందని గర్వించేవారు గమనించగలరు.

అయినా స్వతంత్ర డైరెక్టర్లు కావాలని మేధావులు గోల చేస్తున్నారు కనుక నాదొక ప్రతిపాదన. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా దుకాణం మూయించి ఉద్యమం లేపిన మహిళల తరం నుంచి ఒకరిని బోర్డులోకి తీసుకోవచ్చు. ఇబ్బందల్లా ఆవిడ మొదటి సమావేశంలోనే తమ ఊరి బెల్టు షాపు సంగతి ఎత్తుతుంది. బెల్టు షాపుకు లైసెన్సు లేదు. లైసెన్సు లేనిది రికార్డులో ఉండదు. రికార్డులో లేనిదానిపై చర్చించే అధికారం బోర్డుకు లేదు. కాబట్టి ఆవిడను ప్రత్యేక ఆహ్వానితురాలిగా మాత్రమే పిలవాలనీ, ఓటు ఉండరాదనీ, బస్సు చార్జీలు మాత్రం బాండ్ల వడ్డీ చెల్లించాక మిగిలినదాంట్లోంచి ఇవ్వవచ్చుననీ సవినయంగా మనవి చేస్తున్నాను.